ఆరేళ్లుగా వాడుతున్న సోల్డరింగ్ స్టేషన్: నా అనుభవం

ఎలక్ట్రానిక్ భాగాలను సోల్డర్‌తో (కరిగించి అతికించే లోహపు తీగ) బోర్డుకు అతికించడానికి, ఉష్ణోగ్రతను మనమే నిర్ణయించుకోగల 70 వాట్ల సోల్డరింగ్ స్టేషన్‌ను ఆరేళ్లుగా వాడుతున్నాను. అంతకు ముందు నేరుగా ప్లగ్గుకు తగిలించే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ (సోల్డర్‌ను కరిగించే చేతి పరికరం) ఉండేది. స్టేషన్ కొన్నది ఎక్కువ వేడి కోసమే. వాడగా వాడగా తెలిసింది, దాని గొప్పతనమంతా తక్కువ వేడితో పని ముగించడంలో ఉందని.

పాత ఐరన్ స్టాండులో ఊరికే ఉన్నంతసేపూ కాగిపోయి టిప్ (దాని వేడి మొన) నల్లబడేది. తీరా బోర్డు మీది వెడల్పాటి రాగి ప్యాడ్‌కు (పిన్ అతికే చోటు) తాకిస్తే చల్లారిపోయేది. ఈ స్టేషన్‌లో హీటర్ దగ్గరే సెన్సార్ ఉంది. టిప్ కాస్త చల్లబడగానే కరెంటు అందుతుంది. 63/37 సోల్డర్ (63 శాతం తగరం, 37 శాతం సీసం) 183 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి 320 పెడితే నాకు చాలు. సీసం లేని రకం దాదాపు 217 దగ్గర కరగడం మొదలవుతుంది, దానికి 350 పెడతాను.

మొదటి ఏడాది మాత్రం స్టేషన్‌తో వచ్చిన సూదిమొన టిప్‌తోనే నెట్టుకొచ్చాను. ఒక యాంప్లిఫైయర్ బోర్డులో గ్రౌండ్ పిన్ (బోర్డులోని పెద్ద రాగి పొరకు కలిసే కాలు) ఎంతకీ అతకలేదు. వేడి 420కి పెంచి అదిమిపట్టాను. ప్యాడ్ బోర్డు నుంచి ఊడి వచ్చేసింది. అంత సన్నని మొన నుంచి వేడి దిగే దారి లేదని అప్పుడు అర్థమైంది.

2.4 మిల్లీమీటర్ల ఉలిమొన టిప్ వేశాక పని తీరే మారింది. దాని చదును అంచు ప్యాడ్‌నూ పిన్‌నూ ఒకేసారి తాకాలి. మధ్యలో చిటికెడు సోల్డర్ కరిగిస్తే వేడి చప్పున పాకుతుంది. తరువాత సోల్డర్ తీగను అవతలి వైపు నుంచి అందించాలి. ఒక్క క్షణం ముద్దలా నిలిచిన సోల్డర్ ఉన్నట్టుండి మెరిసి, పిన్ చుట్టూ పల్చగా ఎగబాకుతుంది. ఆ మెరుపు కనబడగానే ముందు తీగ, ఆ వెంటనే ఐరన్ తీసేస్తాను. ఇన్నేళ్లయినా ఆ క్షణం చూడటం నాకెంతో ఇష్టం.

టిప్ లోపల రాగి, పైన ఇనుప పూత ఉంటుంది. నల్లబడిందని గరుకు కాగితంతో రుద్దితే ఆ పూత పోయి, రాగిని సోల్డర్ తినేస్తుంది. ఒక టిప్‌ను నేనలాగే పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఇత్తడి పీచులో తుడిచి, ఆపే ముందు మొన మీద కాస్త సోల్డర్ కరిగించి వదిలేస్తాను. ఉలిమొన టిప్ నాలుగేళ్లుగా నిలిచింది.

అతికించేటప్పుడు వచ్చే పొగ ఫ్లక్స్‌దే (సోల్డర్ బాగా అతకడానికి తీగలో ఉండే పదార్థం), సీసానిది కాదు. అయినా ఊపిరితిత్తులకు మంచిది కాదు. చిన్న ఫ్యాను పొగను అవతలికి లాగేలా పెట్టుకున్నాను. సీసమున్న తీగ పట్టుకున్నాక చేతులు తప్పక కడుక్కోవాలి.

లోపాలు లేకపోలేదు. ఉష్ణోగ్రత మార్చడానికి రెండే బటన్లు, ఒక్కో అంకెనూ విడివిడిగా మార్చాలి. వాడకుండా వదిలేస్తే దానంతట అది చల్లబడే ఏర్పాటు లేదు, అందుకే బల్ల దగ్గర నుంచి లేచిన ప్రతిసారీ స్విచ్ ఆపేస్తాను.