ముంబై సినిమా మ్యూజియం: ఎజ్రా మీర్ గురించి తెలుసుకుని వెళ్లండి

పెద్దర్ రోడ్‌లో, ప్రభుత్వం కోసం డాక్యుమెంటరీలు, న్యూస్ రీళ్లు తీసిన ఫిల్మ్స్ డివిజన్ ఆవరణలోనే ఉంది ఈ నేషనల్ మ్యూజియం ఆఫ్ ఇండియన్ సినిమా, సోమవారం సెలవు. గుల్షన్ మహల్ అనే పాత బంగళాలో రెండో ప్రపంచ యుద్ధం హాలు దగ్గర మాత్రం తొందరపడకండి. కలకత్తా నాటక రంగం నుంచి వచ్చి, 1931లో ‘నూర్‌జహాన్’ సినిమా తీసిన దర్శకుడు ఎజ్రా మీర్, ఆ యుద్ధకాలంలోనే ప్రభుత్వ డాక్యుమెంటరీల్లోకి వచ్చి, 1956లో ఫిల్మ్స్ డివిజన్ చీఫ్ ప్రొడ్యూసర్ అయ్యారు. మన ఊరి థియేటర్లలో అసలు సినిమాకి ముందు తెలుగు వ్యాఖ్యానంతో వేసిన న్యూస్ రీళ్లు ఈ సంస్థవే! పాత కెమెరాలు, ప్రొజెక్టర్లు దగ్గరగా చూస్తే ఆ బరువుతో ఊళ్లు తిరిగినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి.