హైకోర్టు అప్పీలును ఫోన్‌లో చూసుకోవడం: ఈ-కోర్ట్స్ యాప్, తీర్పుల పోర్టల్ ఎంతవరకు పనికొస్తాయి

చిత్తూరు ప్రాంతంలో, పుత్తూరులోనో పీలేరులోనో మొదలైన పంపకాల దావా పదేళ్ళ తర్వాత రెండో అప్పీలుగా అమరావతికి చేరితే, ఆ కేసు ఏ దశలో ఉందో ఊళ్ళో ఉన్న కక్షిదారుకు తెలిసే దారి ఒకప్పుడు ఒక్కటే: ప్లీడరు గుమాస్తాకు ఫోన్ చేయడం. లేదంటే రాత్రి రైలెక్కి విజయవాడలో దిగడం. ఇప్పుడు పైసా ఖర్చు లేని సేవలు మూడున్నాయి. ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వెబ్‌సైటు, ఈ-కోర్ట్స్ వారి తీర్పుల పోర్టల్. కేసు కదలిక చూసుకోవడానికి యాప్ భేషుగ్గా ఉంటుంది. హైకోర్టు ఏం తీర్పిచ్చిందో వెతకడానికి పోర్టల్‌కు పదికి ఏడు మార్కులు వేయొచ్చు. 'నా కేసుకు అతికే తీర్పు ఏది' అన్న ప్రశ్నకు మాత్రం మూడూ చాలవు.

యాప్‌లో అన్నిటికంటే నమ్మకమైన తాళంచెవి సీఎన్‌ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు. అక్షరాలూ అంకెలూ కలిపి పదహారు. హైకోర్టు కేసైతే 'ఏపీహెచ్‌సీ01'తో మొదలై, తర్వాత ఆరంకెల నంబరు, చివర నాలుగంకెల సంవత్సరం ఉంటుంది. చాలామంది తడబడేది ఇక్కడే. కింది కోర్టు దావాకు ఉన్న సీఎన్‌ఆర్ అప్పీలుతో పాటు పైకి వెళ్ళదు. దావాకు ఒకటి, మొదటి అప్పీలుకు ఒకటి, రెండో అప్పీలుకు ఇంకొకటి. చిత్తూరు కోర్టు నంబరు కొట్టి 'డిస్పోజ్డ్' (ముగిసింది) అని చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు, అక్కడ ముగిసింది దావా మాత్రమే. హైకోర్టు కేసు పేజీలో కింది కోర్టు వివరాల గడి ఒకటి ఉంటుంది. అందులోని పాత కేసు నంబరు, తీర్పు తేదీ మీ కాగితాలతో సరిపోతే అదే మీ అప్పీలు.

సీఎన్‌ఆర్ లేకపోతే కేసు నంబరుతో వెతకాలి. అందుకు కేసు రకం తెలియాలి. ఎస్‌ఏ అంటే రెండో అప్పీలు. ఏఎస్ అంటే నేరుగా వచ్చిన మొదటి అప్పీలు. సీఎంఏ అంటే ఇంజంక్షన్ లాంటి మధ్యంతర ఉత్తర్వుల మీద వచ్చేది, సీఆర్‌పీ రివిజన్, ఎంఏసీఎంఏ మోటారు ప్రమాద పరిహారం. ఏఎస్ అన్న రెండక్షరాలే జిల్లాలో సీనియర్ సివిల్ జడ్జి దగ్గరి అప్పీలుకూ వాడతారు కాబట్టి, మొదట యాప్‌లో ఎంచుకున్నది జిల్లా కోర్టా హైకోర్టా చూసుకోవాలి.

జిల్లా సంగతి కూడా ఒక మెలికే. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న వేరు పడింది. రెవెన్యూ హద్దులు మారినంత మాత్రాన కోర్టు రికార్డు మారిపోదు. తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు కోర్టుల పాత కేసులను ముందు చిత్తూరు కిందే వెతకాలి. గూడూరు, సూళ్ళూరుపేట వైపు కేసులైతే నెల్లూరు కింద చూడాలి.

పేరుతో వెతకడం మాత్రం మన ప్రాంతంలో ఒక పరీక్ష. ఇక్కడ ఇంటికో 'ముని' ఉంటాడు. మునిస్వామిని ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక గుమాస్తా డబ్ల్యూ వేస్తాడు, ఇంకొకరు తమిళ ఉచ్చారణతో 'మునుసామి' చేస్తారు, చివర ఐ పెట్టేవాళ్ళు కొందరు, వై పెట్టేవాళ్ళు కొందరు. చెంగల్రాయులుకు మధ్యలో ఒక ఏ ఎక్కువైనా దొరకడు. అందుకే పూర్తి పేరు కొట్టకూడదు. ఎవరు రాసినా మారని మొదటి నాలుగైదు అక్షరాలు, సంవత్సరం ఇస్తే చాలు. ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుందో పూర్తిగా ఉందో కూడా తేడా పడుతుంది. మీవైపు పేరు దొరక్కపోతే ఎదుటివాళ్ళ పేరుతో ప్రయత్నించండి. వెబ్‌సైటులో పెండింగ్, డిస్పోజ్డ్, రెండూ అని మూడు గుండ్రాలుంటాయి. ముందుగా గుర్తు పెట్టి ఉండేది పెండింగ్ దగ్గరే. దాన్ని మార్చకుండా వెతికి 'రికార్డు లేదు' అని వస్తే అప్పీలు తేలిపోయి ఉండవచ్చు, కేసే లేదని కాదు.

దొరికిన కేసును 'మై కేసెస్'లో దాచుకోవచ్చు. కానీ ఆ జాబితా ఉండేది మీ ఫోన్‌లోనే. ఫోన్ మార్చితే జాబితా పోతుంది. ముందే ఎక్స్‌పోర్ట్ నొక్కి ఫైలు దాచుకుని, కొత్త ఫోన్‌లో ఇంపోర్ట్ చేసుకోవాలి. నలభై యాభై కేసులు చూసుకునే ప్లీడరు ఆఫీసులు నెలకోసారి ఈ పని చేయడం మేలు.

వాయిదా తేదీ దగ్గర యాప్‌ను అతిగా నమ్మొద్దు. హైకోర్టులో ప్రమాణం కాజ్ లిస్టే, అంటే ఆ రోజు విచారణకు వచ్చే కేసుల పట్టికే. యాప్‌లో ఒక తేదీ కనబడినా లిస్టులో ఎక్కకపోతే ఆ రోజు కేసు రాదు. ఇంకా పెద్ద పొరపాటు స్టే విషయంలో జరుగుతుంది. 'పెండింగ్' అని కనబడగానే కింది కోర్టు డిక్రీ ఆగిపోయిందనుకుంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 5 స్పష్టంగా చెబుతుంది: అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు, విడిగా స్టే ఉత్తర్వు ఉండాలి. కేసు పేజీలో ఐఏల (కేసు మధ్యలో వేసే అర్జీల) గడి, దాని కింద ఉత్తర్వులు తెరిచి చదవాలి. స్టే ఆరు నెలలకు దానంతటదే పోతుందని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. 2018లో ఏషియన్ రీసర్ఫేసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ఆ మాటను 2024 ఫిబ్రవరి 29న అదే కోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం పక్కన పెట్టింది. ఆ పాత తీర్పు పట్టుకుని ఈపీలో (డిక్రీ అమలు అర్జీలో) వాదించబోతే నిలవదు.

'డిస్పోజ్డ్' అన్న మాట కూడా అరకొరే. పక్కన 'డిఫాల్ట్' అని ఉంటే కేసు పస చూసి కొట్టేయలేదన్నమాట. పిలిచినప్పుడు అప్పీలుదారు తరఫున ఎవరూ లేరు. పునరుద్ధరణకు 30 రోజుల్లో అర్జీ పెట్టాలి. 'అబేటెడ్' అని ఉంటే ఎవరో కాలం చేశారు, వారసులను 90 రోజుల్లో రికార్డు మీదికి తేలేదు. ఆ తర్వాత రద్దును తీసేయమని అడగడానికి ఇంకో 60 రోజులుంటాయి. అదీ దాటితే ఆలస్యం మన్నించమని కారణం చూపాల్సిందే. ముసలివాళ్ళు ఎక్కువగా ఉండే భూమి తగాదాల్లో నిశ్శబ్దంగా ప్రాణం తీసేది ఈ గడువే.

ఇక తీర్పుల పోర్టల్. హైకోర్టు, కేసు రకం, సంవత్సరం, జడ్జి పేరు, తీర్పు తేదీల వారీగా వడపోసుకోవచ్చు. పదాలతో వెతికేటప్పుడు 'ఫ్రేజ్' ఎంచుకుని చట్టం భాషలో రాస్తేనే పని జరుగుతుంది. 'అన్నదమ్ముల భూమి గొడవ' తరహా మాటలు ఇంగ్లీషులో కొడితే వేలకొద్దీ తీర్పులొచ్చి పడతాయి. స్కాన్ బొమ్మలుగా ఎక్కించిన పాత తీర్పుల్లో పదం పట్టి వెతికితే చిక్కవు, వాటికి కేసు నంబరే దారి. ఆంధ్రప్రదేశ్‌కు వేరే హైకోర్టు మొదలైంది 2019 జనవరి 1న. 1956 నుంచి అప్పటిదాకా వచ్చిన తీర్పులు హైదరాబాదు ఉమ్మడి హైకోర్టువి కాబట్టి 2018 దాకా ఉన్నవాటికి తెలంగాణ హైకోర్టు వైపు కూడా వెతకాలి. చిత్తూరుది మద్రాసు ప్రెసిడెన్సీ వారసత్వం గనుక 1954 జులైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టకముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులు ఇప్పటికీ ఇక్కడ వాదనలో పనికొస్తాయి. సత్యవేడు వైపైతే దస్తావేజులు కూడా తమిళంలో ఉంటాయి, ఆ ప్రాంతం మనకు కలిసింది 1960 ఏప్రిల్‌లో.

తీర్పు దొరికింది, తెరిచారు. ఎక్కడ చదవాలి? రెండో అప్పీలు తీర్పైతే ముందు చూడాల్సింది 'సబ్‌స్టాన్షియల్ క్వశ్చన్ ఆఫ్ లా', అంటే గట్టి న్యాయప్రశ్న, ఉందా లేదా అన్నది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 100 ప్రకారం అలాంటి ప్రశ్న రూపొందించకుండా హైకోర్టు అప్పీలును అనుమతించకూడదు. కొట్టేసేటప్పుడు ప్రశ్న రాయనక్కర్లేదని 2020లో కృపారాం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే నాలుగు పేజీల్లో కొట్టేసిన తీర్పు చూసి అన్యాయం అనుకోకూడదు. కింది రెండు కోర్టులూ సాక్ష్యం చూసి ఒకే మాట చెప్పాక, అడంగల్‌లో పేరు ఎవరిదో మళ్ళీ తూచే పని హైకోర్టుది కాదు. తూచాల్సింది మొదటి అప్పీలు కోర్టు. ఆర్డర్ 41 రూల్ 31 ప్రకారం తేల్చాల్సిన అంశాలు, ప్రతి అంశంపై నిర్ణయం, కారణాలు, ఉపశమనం రాయాలి. 'కింది కోర్టు చెప్పింది సబబే' అని ఒక్క వాక్యంతో తేల్చేస్తే, కేసు తిరిగి విచారణకు రావడానికి అదే దారి తీస్తుంది.

ఇంజంక్షన్ తగాదాల్లో అనాతుల సుధాకర్ అన్న పేరు పదే పదే ఎదురవుతుంది. 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పది. స్వాధీనం మీదే, ఎవరో అడ్డుపడుతున్నారంతే అయితే ఉత్త ఇంజంక్షన్ దావా చాలు. హక్కు మీదే మబ్బు కమ్మితే హక్కు ప్రకటన కూడా అడగాలి, స్వాధీనం పోతే స్వాధీనం కూడా అడగాలి. ఖాళీ స్థలమైతే హక్కున్నవాడిదే స్వాధీనం అనుకుంటారు గనుక హక్కు ప్రశ్న తప్పించుకోలేరు. తిరుపతి చుట్టుపక్కల ప్లాట్ల కేసులు ఎక్కువగా తప్పేది ఈ మలుపులోనే. ప్రతివాది జవాబులో 'ఈ జాగా నాది' అని రిజిస్టరు దస్తావేజు చూపాక కూడా వాది దావాను సవరించకుండా ఉత్త ఇంజంక్షన్‌తో పైదాకా వెళ్తాడు.

ఆడపిల్లల వాటా మీద తీర్పు వెతికేవాళ్ళు తేదీ చూడకుండా ఏదీ వాడొద్దు. హిందూ వారసత్వ చట్టం సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలని ప్రకాశ్-ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు అంది. 2020 ఆగస్టు 11న అదే కోర్టు ఇచ్చిన వినీతా శర్మ తీర్పు దాన్ని కొట్టేసింది. మధ్యకాలంలో ఫూలవతి మీద ఆధారపడిన హైకోర్టు తీర్పులు పోర్టల్‌లో ఇంకా అలాగే ఉన్నాయి, 'ఇది చెల్లదు' అన్న ముద్ర వాటి మీద ఉండదు. వాటాలు తేల్చే ప్రిలిమినరీ డిక్రీ వచ్చినా, ఆస్తిని విడగొట్టే ఫైనల్ డిక్రీ పెండింగులో ఉంటే వాటాలు మార్చుకోవచ్చు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన భాగపరిష్కారాన్ని కదపలేరు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్ళికాని కూతుళ్ళకు వాటా ఇచ్చిన సవరణ ఉంది కాబట్టి పాత తీర్పుల్లో ఆ తేదీ కనబడితే కంగారు పడొద్దు. ఫలానా తీర్పును తర్వాత ఎవరు అనుసరించారు, ఎవరు కాదన్నారు అన్న లెక్క ఉచిత పోర్టల్ చూపదు. చందా కట్టే లా రిపోర్టులకు విలువ దాంట్లోనే ఉంది. ప్లీడరు ఫీజులో కొంత భాగం ఆ చందాకే పోతుందనుకోండి.

డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్ చదువుకోవడానికి సరిపోతుంది, అప్పీలు వేయడానికి సర్టిఫైడ్ నకలు కావాలి. గడువు లెక్క ఇక్కడే జారిపోతుంది. మొదటి అప్పీలు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు, రెండో అప్పీలుకూ 90. నకలు తయారీకి పట్టిన రోజులు మినహాయిస్తారు. కానీ అర్జీ పెట్టిన రోజు నుంచే. డిక్రీ ఇంకా రాయలేదు కదా, వచ్చాక పెడదామని ఆగితే ఆ రోజులు మినహాయింపులోకి రావని లిమిటేషన్ చట్టం సెక్షన్ 12 వివరణలోనే ఉంది. తీర్పు చెప్పిన రోజో మర్నాడో సీఏ (నకలు అర్జీ) పెట్టేయాలి. నకలు వెనక ముద్రలో అర్జీ తేదీ, స్టాంపులు పిలిచిన తేదీ, కట్టిన తేదీ, తయారైన తేదీ వరుసగా ఉంటాయి. స్టాంపులు పిలిచాక మీరు కట్టకుండా గడిపిన రోజులు మీ ఖాతాలోనే పడతాయి. నోటీసు బోర్డు రోజూ చూసే గుమాస్తా విలువ ఏ యాప్‌కూ రాదు.

గెలిచినవాళ్ళకు యాప్‌లో ఒక పనికొచ్చే మూల ఉంది, కేవియట్ వెతుకులాట. కింది కోర్టులో గెలిచిన వెంటనే హైకోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఏ కింద కేవియట్ వేస్తే, ఎదుటివాళ్ళు స్టే అడిగినప్పుడు మీకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వరు. దాని ఆయుష్షు 90 రోజులే. ఎదుటివాళ్ళకు అప్పీలు గడువు కూడా 90 రోజులు, దానిపైన నకలు కోసం పట్టిన రోజులు కలుస్తాయి. అంటే మొదటి కేవియట్ ముగిసిన తర్వాత కూడా గడువులోనే అప్పీలు పడొచ్చు. యాప్‌లో మీ కేవియట్ తేదీ చూసుకుని, 85వ రోజుకల్లా రెండోది వేయించండి.