చినార్లు ఎర్రబడ్డ వారం శ్రీనగర్‌లో

శ్రీనగర్ అనగానే మనవాళ్ళు ట్యూలిప్పుల కోసం ఏప్రిల్‌లోనో, మంచు కోసం జనవరిలోనో బయల్దేరతారు. మేం అక్టోబరు ఆఖరి వారంలో వెళ్ళాం. గొప్ప ప్లానింగ్ ఏమీ కాదు, మా ఆయనకు సెలవు అప్పుడే దొరికింది. నేను, ఆయన, మోకాళ్ళ నొప్పులతో మా అత్తయ్య. ఐదు రాత్రులు. వెళ్ళాక తెలిసింది, అక్కడివాళ్ళు హరుద్ అని పిలుచుకునే ఈ శరత్కాలంలో ఊరు టూరిస్టుల కోసం కాక తన కోసం తాను పనిచేసుకుంటూ ఉంటుందని. ఎటు చూసినా చలికాలానికి సర్దుకునే హడావిడే.

ముందు బస సంగతి. అందరిలాగే హౌస్‌బోటు అనుకున్నాం. డాల్ సరస్సు గోలగా ఉంటుందని నగీన్ సరస్సు వైపు బుక్ చేసుకున్నాం. ఆ నిర్ణయం మంచిదే. తెల్లారి లేచి తలుపు తీస్తే నీళ్ళ మీద పొగమంచు, అవతల హరి పర్బత్ కోట. చెక్కిన దేవదారు కలప గోడలు, తివాచీలు, చూడ్డానికి జమీందారు గదిలా ఉంది. కానీ రాత్రికి చలి ఐదారు డిగ్రీలకు దిగేసరికి ఆ అందమంతా దుప్పట్లో దూరిపోయింది. బుఖారీ, అంటే కట్టెల పొయ్యి, ఉంది గానీ "నవంబరులో వెలిగిస్తాం మేడమ్" అన్నారు. వేడినీళ్ళు వచ్చేసరికి ఉదయం తొమ్మిది దాటింది. దానికి తోడు శాలువాలు, నగలు, కుంకుమపువ్వు అమ్మేవాళ్ళు పడవల్లో నేరుగా మన వరండాలోకే వచ్చేస్తారు. మొహమాటస్తులకు కష్టం. అత్తయ్యను పడవలోంచి బోటులోకి ఎక్కించడం రోజూ ఒక టెన్షన్. హౌస్‌బోటులో ఒక రాత్రి ఉండండి, రెండో రాత్రి వద్దు. మేం రెండు రాత్రులకు డబ్బు కట్టేశాం కాబట్టి ఉన్నాం.

తర్వాత మూడు రాత్రులూ రాజ్‌బాగ్‌లో ఒక చిన్న గెస్ట్‌హౌస్. జీలం నదికి నడిచి వెళ్ళేంత దూరం. మంచం మీద కరెంటు పరుపు వేసి ఉంచారు, అడక్కుండానే ఫ్లాస్కులో కహ్వా, అంటే కాశ్మీరీ గ్రీన్ టీ, పెట్టారు. అత్తయ్య ఆ కరెంటు పరుపును మెచ్చుకున్నంతగా ఈ ప్రయాణంలో దేన్నీ మెచ్చుకోలేదు.

తోటల గురించి ఎక్కువ చెప్పను, అందరూ చెప్పేవే. జహంగీర్ 1619లో వేయించిన షాలిమార్ బాగుంది, అంతకన్నా నిషాత్ బాగుంది. మెట్లు మెట్లుగా పైకి వెళ్ళి వెనక్కి తిరిగితే సరస్సు మొత్తం కనబడుతుంది. ఒక్క తోటకే టైముంటే నిషాత్‌కి వెళ్ళండి. కానీ చినార్ల కోసమే, అంటే ఈ కాలంలో ఆకులు ఎర్రబడే పెద్ద చెట్ల కోసమే అయితే, ఈ రెండూ కాదు, నసీమ్ బాగ్. హజ్రత్‌బల్ దర్గా దగ్గర కాశ్మీర్ యూనివర్సిటీ ఆవరణలో ఉంది. మొఘలుల కాలం నాటి చినార్లు వందల్లో ఉన్నాయి. ఫౌంటెన్లు లేవు, పూలమడులు లేవు, చెట్లే. ఎరుపు, కాషాయం, ఇటుకరంగు ఆకులు మడమలు మునిగేలా పరుచుకుని ఉన్నాయి. నడుస్తుంటే అప్పడాలు విరుగుతున్న చప్పుడు. పుస్తకాలు పట్టుకుని స్టూడెంట్లు ఆకుల మీదే కూర్చున్నారు.

ఆకులు రాలడం మనకు ఫోటో, వాళ్ళకు పొయ్యి. సాయంత్రం ఊరి చివర ఒకావిడ చీపురుతో చినారు ఆకులు కుప్ప చేసి నిప్పంటించి, మంట సగంలో ఉండగానే నీళ్ళు చల్లుతోంది. ఇదేమిటని అడిగితే బొగ్గు చేస్తోందట, కాంగ్డీ కోసం. కాంగ్డీ అంటే చుట్టూ సన్నటి పుల్లలతో బుట్టలా అల్లి, పిడి పెట్టిన మట్టి కుంపటి. చలికాలమంతా దాన్ని ఫెరన్ అనే పొడవాటి అంగీ లోపల పట్టుకుని తిరుగుతారు. ఆకులు కాల్చొద్దని అధికారులు చెబుతూనే ఉంటారు, పొగ కూడా బాగానే ఉంది.

ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చింది మాత్రం పాత ఊరు. అక్కడివాళ్ళు డౌన్‌టౌన్ అంటారు. ప్యాకేజీ టూర్లలో జామా మసీదు దగ్గర పావుగంట ఆపి తీసుకెళ్ళిపోతారు. ఒక రోజంతా కేటాయించండి. శుక్రవారం మాత్రం పెట్టుకోవద్దని మా డ్రైవర్ ముందే చెప్పాడు, ప్రార్థనల రద్దీ వల్ల.

జామా మసీదుకి గుమ్మటం లేదు, మినార్ల బదులు చెక్క గోపురాల్లాంటి శిఖరాలు. లోపల 370కి పైగా దేవదారు స్తంభాలు, ఒక్కొక్కటీ ఒకే చెట్టు మాను. సుల్తాన్ సికందర్ కట్టించడం మొదలుపెట్టింది 1394లో. మూడుసార్లు తగలబడింది, మళ్ళీ మళ్ళీ కట్టారు. ఆ స్తంభాల మధ్య నిలబడితే అడవిలో నిలబడ్డట్టే ఉంది. "మన వేయిస్తంభాల గుడి రాతిది, ఇది చెక్కది" అన్నారు అత్తయ్య, ఇంకేం చెప్పాలి.

అక్కణ్ణుంచి జీలం ఒడ్డున ఖాన్‌ఖాహ్-ఎ-మౌలా అనే సూఫీ ప్రార్థనా మందిరం. మేం గుమ్మం దగ్గర నుంచే చూశాం, అదే చాలు. గోడలు, కప్పు, స్తంభాలు అన్నిటి మీదా పేపర్‌మాషే (కాగితం గుజ్జు పని) రంగులు. ఇప్పుడున్న కట్టడం 1732 నాటిది. దానికి కాస్త దూరంలో జైనా కదల్ వంతెన దగ్గర రాగి సామాన్ల బజారు, సుత్తి దెబ్బల మోత. ఆ బజారు వెనక సందులో బడ్‌షా సమాధి అని పిలిచేది ఉంది, నిజానికి అది బడ్‌షా అనిపించుకున్న సుల్తాన్ జైనుల్ అబిదీన్ తల్లిది. చుట్టూ అంతా చెక్క కట్టడాలే అయితే ఇది ఒక్కటీ ఇటుకలతో, ఐదు గుమ్మటాలతో ఉంటుంది. 15వ శతాబ్దానిది. మేం ఉన్న అరగంటలో ఇంకో టూరిస్టు రాలేదు.

జడీబల్ అనే వాడలో పేపర్‌మాషే చేసే ఇంటికి వెళ్ళాం. గెస్ట్‌హౌస్ ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. మేడ మీద కిటికీ పక్కన నేల మీద కూర్చుని ఒక పెద్దాయన రంగులు వేస్తున్నారు. పని రెండు భాగాలట. నానబెట్టిన కాగితం గుజ్జుతో ఆకారం చేసేది సఖ్త్‌సాజీ, దాని మీద బొమ్మలు వేసేది నక్కాషీ. సఖ్త్‌సాజీ వాళ్ళు వేరు, నక్కాషీ వాళ్ళు వేరు. ఆయన పెన్సిల్ గీత కూడా గీయలేదు. నాలుగైదు వెంట్రుకలున్న కుంచెతో నిమ్మకాయంత బంతి మీద సరాసరి తీగ లాగేస్తున్నారు. కుడిచేతి చిటికెన వేలు బంతికి ఆనించి, బంతినే తిప్పుతున్నారు, కుంచె కదలట్లేదు. పక్కన అట్టపెట్టెలో అలాంటివి వందలు. ఏమిటివి అంటే క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసేవి, విదేశాల ఆర్డరు. అక్టోబరులో వాళ్ళకు చేతినిండా పని అదేనట. షియా ముస్లిముల వాడలో క్రిస్మస్ బంతులు తయారవుతుంటే చూడటం నాకు భలే అనిపించింది. శ్రీనగర్‌కి 2021లో చేతివృత్తుల కేటగిరీలో యునెస్కో సృజనాత్మక నగరం గుర్తింపు వచ్చింది. ఆ ముసలాయన నడుం నొప్పికి దాంతో ఏమన్నా ఒరిగిందా అని అడగాలనిపించింది, అడగలేదు. డాల్ ఒడ్డున బౌలెవార్డ్ రోడ్డు షాపుల్లో చూసిన డబ్బాలే ఇక్కడ సుమారు సగం ధరకు తీసుకున్నాం.

కుంకుమపువ్వు పొలాలున్న పాంపోర్ వెళ్ళాలంటే తెల్లవారుజామునే బయల్దేరాలి. ఊరికి పదమూడు, పధ్నాలుగు కిలోమీటర్లు. కుంకుమపువ్వు అంటే ఎర్రటి పువ్వే అనుకున్నాను ఇన్నాళ్ళూ. పువ్వు ఊదారంగు. మట్టి రంగు నేల మీద, ఆకు కూడా సరిగా కనబడకుండా, జానెడు కూడా లేని పూలు. ఎండ ముదరక ముందే కోసేయాలి, వాడిపోతుంది. ఒక్కో పువ్వులో మూడే ఎర్ర పోగులు, పనికొచ్చేవి అవే. ఒక గ్రాముకు దాదాపు నూట యాభై పువ్వులు కావాలి. పొలంలో ఒక అమ్మాయి నా చేతిలో పువ్వు పెట్టి, రేకులు విప్పి, ఆ మూడింటినీ గోటితో గిల్లి చూపించింది. వేలికి అంటిన పసుపు మధ్యాహ్నం భోజనం దాకా పోలేదు. కొనేటప్పుడు ఒక పోగు గోరువెచ్చటి నీళ్ళలో వేయమనండి. అసలుది మెల్లగా పసుపు వదులుతుంది, పోగు మాత్రం ఎర్రగానే ఉంటుంది. వెయ్యగానే నీళ్ళు ఎర్రబడ్డాయంటే పర్సు లోపల పెట్టేయండి. పూత రెండు మూడు వారాలే, అక్టోబరు చివర, నవంబరు మొదట్లో. ఈ ఒక్క దానికోసమైనా తేదీలు అటు జరుపుకోవచ్చు.

బూర్జహామ్ కూడా వెళ్ళాం, కొత్తరాతియుగం మనుషులు నేలలో గుంటలు తవ్వుకుని కాపురమున్న చోటు. చరిత్ర పిచ్చి ఉన్న మా ఆయనకు పండగ. మిగతావాళ్ళకు నిలబెట్టిన రాళ్ళు, గుంటలు, చుట్టూ కంచె. శంకరాచార్య కొండ మీది శివాలయానికి కారు పైదాకా వెళ్ళినా ఇంకా రెండు వందలకు పైగా మెట్లున్నాయి. అత్తయ్య కిందే కూర్చుని దణ్ణం పెట్టుకున్నారు. ఫోన్లు పైకి తీసుకెళ్ళనివ్వరు. ఆమె బెంగ తీర్చడానికి తుల్ముల్లాలో ఖీర్ భవానీ అమ్మవారి గుడికి తీసుకెళ్ళాం. నగరానికి పాతిక కిలోమీటర్లు, మెట్ల బాధ లేదు, చుట్టూ చినార్లే.

తిండి విషయంలో శాకాహారులకు భయమేమీ లేదు. తామరతూళ్ళను పెరుగులో వండే నద్రు యఖ్నీ, హాక్ ఆకుకూర, రాజ్మా అన్నం దొరుకుతాయి. పొద్దున్నే సందు మొదట్లో కాందుర్ దగ్గర, అంటే రొట్టెల భట్టీ దగ్గర, వేడి వేడి గిర్దా కొనుక్కోండి. దానితో నూన్ చాయ్, లేత గులాబి రంగులో, ఉప్పు వేసి. అత్తయ్య ఒక గుక్క తాగి, "అమ్మాయ్, ఇది టీ కాదు, చారు" అని గ్లాసు నా వైపు తోసేశారు. నేను మూడో రోజుకి అలవాటు పడ్డాను.

రెండు జాగ్రత్తలు. మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఒకటైనా ఉండాలి. ట్యాక్సీ రేట్ల గొడవ మాకూ తప్పలేదు. పాంపోర్ రోజున మాట్లాడుకున్న డబ్బు కన్నా దిగేటప్పుడు ఇంకో ఐదు వందలు అడిగాడు, వాదించి మూడు వందలు ఇచ్చాం. షికారా పడవల ఘాట్ దగ్గర, ట్యాక్సీ స్టాండ్‌లో రేట్ల బోర్డు చూసి, ఎక్కే ముందే అనుకోండి.

వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టు గేటు బయటే సామానంతా దించి స్కాన్ చేయిస్తారు, లోపల మళ్ళీ చెకింగ్. మూడు గంటల ముందు వెళ్ళండి. అత్తయ్య ఒళ్ళో ఖాళీ కాంగ్డీ ఉంది, బ్యాగులో పెడితే పగిలిపోతుందని. చెకింగ్ అమ్మాయి దాన్ని తిరగేసి, బోర్లించి, లోపల చెయ్యి పెట్టి చూసి నవ్వింది. "మీ ఊళ్ళో చలి ఉంటుందా మాతాజీ?" అని అడిగింది. అత్తయ్యకు హిందీ అంతంతమాత్రం. "ధూపం కోసం" అన్నారు, తెలుగులోనే.