ఐదారు వేల వైర్‌లెస్ అలారం కిట్: ఇంటికి ఓకే, షాపుకి వద్దు

కోఠి గుజరాతీ గల్లీలో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా ముందు చేతికొచ్చేది ఈ రకం దొంగల అలారం కిట్టే. డబ్బాలో ఒక ప్యానెల్ (సెన్సర్ల సిగ్నల్ అందుకుని సైరన్ మోగించే పెట్టె), ఒక పీఐఆర్ మోషన్ సెన్సర్ (ఒంటి వేడిని బట్టి కదలికని పట్టేది), ఒక డోర్ సెన్సర్, రెండు రిమోట్లు, వైరుతో ప్యానెల్‌కి తగిలించే చిన్న సైరన్ ఉంటాయి. పేర్లు పది రకాలు, లోపల సరుకు మాత్రం దాదాపు ఒకటే: 433 మెగాహెర్ట్జ్ రేడియో, అలారం మోగితే మీకు ఫోన్ చెయ్యడానికి సిమ్ వేసుకునే జీఎస్ఎం మాడ్యూల్.

ముందు సిమ్ సంగతి. చాలా ప్యానెళ్లలో ఉండేది 2జీ మాడ్యూల్. జియోకి 2జీ నెట్‌వర్కే లేదు కాబట్టి ఆ సిమ్ పనిచెయ్యదు. ఎయిర్‌టెల్ లాంటిది వేయాలి, రీచార్జి గడువు దాటకుండా చూసుకోవాలి. వ్యాలిడిటీ అయిపోతే సైరన్ మోగుతుంది గానీ మీకు ఫోన్ రాదు. ఫెయిలయ్యాయని వచ్చే కిట్లలో చాలావాటికి రోగం ఇదే.

పీఐఆర్ సెన్సర్ ధరకి తగ్గట్టు బాగానే పనిచేస్తుంది, పెట్టే చోటు కుదిరితే. ఏడడుగుల ఎత్తులో, గది మూలన బిగించాలి. మనిషి దాని ముందు అడ్డంగా దాటితే చటుక్కున పట్టుకుంటుంది, నేరుగా ఎదురొస్తే ఆలస్యం చేస్తుంది. అందుకే తలుపుకి సూటిగా కాకుండా పక్క గోడ మూలన పెట్టండి. పడమటి కిటికీకి, ఏసీ గాలికి ఎదురుగా వద్దు. అర్ధరాత్రి దొంగ లేకుండానే మోగిందంటే ముందు లెన్సు మీద బల్లి పాకిందేమో చూడండి. ఇంకో చిక్కు మన ఎండలది. ఈ సెన్సర్ చూసేది ఒంటి వేడికీ గోడ వేడికీ ఉన్న తేడాని. మే నెలలో మూసి ఉన్న ఇంట్లో గది 36, 37 డిగ్రీలకి చేరితే ఆ తేడా దాదాపు ఉండదు. డబ్బా మీద 12 మీటర్లని రాసున్నా అప్పుడు అంత దూరం పట్టదు. వేసవిలో ఊరెళ్లేవాళ్లు పీఐఆర్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా తలుపులన్నిటికీ డోర్ సెన్సర్లు కలుపుకోవాలి.

డోర్ సెన్సర్‌లో అయస్కాంతానికీ ట్రాన్స్‌మిటర్‌కీ మధ్య సెంటీమీటరు మించి సందు ఉండకూడదు. వానాకాలంలో చెక్క తలుపు ఉబ్బి పూర్తిగా పడకపోతే అది తెరిచి ఉన్నట్టే లెక్క. ఇనుప తలుపు మీద నేరుగా అతికిస్తే అయస్కాంతం బలం తగ్గుతుంది, కింద ప్లాస్టిక్ ముక్క పెట్టాలి.

సెన్సర్ సిగ్నల్‌కి చెప్పే వంద మీటర్ల రేంజి అన్నది అడ్డు లేని మైదానం లెక్క. రెండు ఆర్‌సీసీ స్లాబులు అడ్డొస్తే సిగ్నల్ అందకపోవచ్చు. బిగించే ముందే ప్రతి సెన్సర్‌నీ దాని చోటునుంచి మోగించి చూడండి.

అసలు బలహీనత రేడియోలో ఉంది. సెన్సర్ ఒక కోడ్ విసిరేసి ఊరుకుంటుంది, ప్యానెల్‌కి అందిందో లేదో దానికి తెలియదు. సెన్సర్‌లో బ్యాటరీ చచ్చినా, ఎవరైనా సిగ్నల్‌ని అడ్డుకునే జామర్ పెట్టినా ప్యానెల్‌కీ తెలియదు, పచ్చ లైటుతో హాయిగా కూర్చుంటుంది. పైగా రిమోట్ పంపేది ఎప్పుడూ మారని కోడ్. దాన్ని గాలిలోంచి రికార్డు చేసి మళ్లీ వదిలితే అలారం ఆఫ్ అయిపోతుంది. ఇంట్లోనైనా రిమోట్లని ప్యానెల్ నుంచి డిలీట్ చేసి, కీప్యాడ్ మీదో ఫోన్ మీదో ఆఫ్ చేసుకోవడం మేలు.

షాపుకి ఇది చాలదు. మామూలు డోర్ సెన్సర్ షట్టర్‌కి నిలవదు. గాలికి షట్టర్ ఊగిన ప్రతిసారీ మోగుతుంది, రెండు రాత్రులయ్యాక ఓనరే స్విచ్ తీసేస్తాడు. షట్టర్‌కి నేలమీద బిగించే, ఎక్కువ సందు తట్టుకునే లోహపు సెన్సర్ వేరే ఉంది, అదే వాడాలి. ప్యానెల్, సెన్సర్లు రెండువైపులా మాట్లాడుకునే సిస్టమ్‌కి ఖర్చు చాలా ఎక్కువే, అయినా బంగారం కొట్టుకీ మెడికల్ షాపుకీ అదే తీసుకోవాలి. కొనేముందు డీలర్‌ని ఒక్కటి అడగండి: సెన్సర్ బ్యాటరీ తీసేస్తే ప్యానెల్ ఎంతసేపట్లో చెప్తుంది? నిమిషాల్లోనో గంటల్లోనో లెక్క చెప్పలేకపోతే ఆ సరుకు అక్కడే వదిలేయండి.