లస్టర్‌లో ఫైల్ లేఅవుట్లు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

సూపర్‌కంప్యూటర్లలో డేటాను చాలా సర్వర్ల మీద పరిచి ఉంచే లస్టర్ ఫైల్ సిస్టమ్‌కి చాలా ఏళ్లుగా అడ్మిన్‌గా ఉన్నాను. దాని వేగం గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను లేఅవుట్ల గురించే రాస్తాను. యూజర్ల నుంచి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం చివరికి అక్కడికే చేరతాయి.

లస్టర్‌లో ఫైల్ పేరు, పర్మిషన్లు ఎండీటీలో, అంటే మెటాడేటా స్టోరేజ్‌లో ఉంటాయి. అసలు డేటా ఓఎస్‌టీల మీద, అంటే డేటా స్టోరేజ్ యూనిట్ల మీద ఉంటుంది. ఫైల్‌ను ఎన్ని ఓఎస్‌టీల మీద, ఎంత సైజు ముక్కలుగా (స్ట్రైప్‌లుగా) పరచాలన్నది లేఅవుట్ చెబుతుంది. పాత పద్ధతిలో ఇది ఫైల్ పుట్టినప్పుడే ఖాయమైపోయేది. ఫైల్ ఎంత పెరుగుతుందో అప్పటికి ఎవరికి తెలుసు? చిన్న ఫైళ్లను అన్ని ఓఎస్‌టీల మీదా పరిస్తే, సైజు తెలుసుకోవడానికే అన్నింటినీ అడగాలి కాబట్టి, సైజులతో ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ -ఎల్ కమాండ్ నత్తనడక నడుస్తుంది. నడుస్తున్న ప్రోగ్రామ్ తన స్థితిని దాచుకునే పెద్ద చెక్‌పాయింట్ ఫైల్ ఒక్క ఓఎస్‌టీ మీద పడితే అది నిండిపోతుంది. మొత్తం మీద బోలెడు చోటు ఉన్నా, జాబ్ మాత్రం చోటు లేదన్న ఎర్రర్‌తో ఆగిపోతుంది. అడ్మిన్‌కి అసలు టెన్షన్ ఇదే.

2017లో 2.10 వెర్షన్‌తో వచ్చిన పీఎఫ్ఎల్, అంటే ప్రోగ్రెసివ్ ఫైల్ లేఅవుట్, ఈ బాధను చాలావరకు తీర్చింది. నేను పెట్టేది ఇలా: మొదటి 64 ఎంబీ ఒక ఓఎస్‌టీ మీద, 1 జీబీ వరకు నాలుగింటి మీద, ఆపైన అన్నింటి మీదా. రాత ఆ భాగం దాకా వచ్చేవరకు అక్కడ ఆబ్జెక్టులు, అంటే ఓఎస్‌టీలో డేటా ఉంచే భాగాలు, కేటాయించదు. పై డైరెక్టరీకి ఒక్కసారి డిఫాల్ట్‌గా పెడితే కింద కొత్తగా పుట్టే డైరెక్టరీలు, ఫైళ్లు అదే తీసుకుంటాయి. స్ట్రైప్ అంటే ఏమిటో యూజర్‌కి నేర్పాల్సిన పనే లేదు. నా దృష్టిలో లస్టర్‌లో ఇంత మేలు చేసిన ఫీచర్ ఇంకొకటి లేదు.

అయితే పాత ఫైళ్లు మారవు. కొత్త డైరెక్టరీలోకి ఎంవీ కమాండ్‌తో జరిపినా లేఅవుట్ పాతదే ఉంటుంది. లేఅవుట్ మార్చే ఎల్ఎఫ్ఎస్ మైగ్రేట్ కమాండ్ నడపాల్సిందే. అది డేటా మొత్తాన్ని కాపీ చేస్తుంది, పని పూర్తయ్యేదాకా డిఫాల్ట్‌గా ఆ ఫైల్‌ను ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు. వాడుకలో ఉన్న ఫైళ్లకు నాన్-బ్లాక్ ఆప్షన్ ఇవ్వండి. మధ్యలో ఎవరైనా ఫైల్‌ను వాడితే మైగ్రేషన్ తనంతట తనే మానుకుంటుంది.

లాగ్ ఫైళ్ల సంగతి వేరు. చివర్లో చేర్చే అపెండ్ మోడ్‌లో తెరిస్తే ఫైల్ మొత్తానికి లాక్ కావాలి కాబట్టి, రాసేది నాలుగు లైన్లే అయినా పీఎఫ్ఎల్‌లోని భాగాలన్నీ ఒకేసారి పుట్టేసేవి. 2.13 నుంచి అపెండ్ ఫైళ్లకు విడిగా స్ట్రైప్ కౌంట్ (ఎన్ని ఓఎస్‌టీల మీద పరచాలన్న సంఖ్య) పెట్టుకునే వీలు వచ్చింది. పాత వెర్షన్‌లో ఉన్నవాళ్లు లాగ్ డైరెక్టరీలకు మామూలు ఒక-స్ట్రైప్ లేఅవుటే పెట్టడం మంచిది.

ఫైల్ మొదటి భాగాన్ని ఎండీటీలోనే ఉంచే డేటా ఆన్ ఎండీటీ 2.11లో వచ్చింది. వేల చిన్న ఫైళ్లుండే పైథాన్ ఎన్విరాన్‌మెంట్లకు బాగుంటుంది. కానీ ఎండీటీలో చోటు త్వరగా తరుగుతుంది. అందుకే దాన్ని ఫైల్ సిస్టమ్ అంతటికీ డిఫాల్ట్ చేయను, అడిగిన డైరెక్టరీకే ఇస్తాను.

అదే వెర్షన్‌లో వచ్చిన, ఒకే ఫైల్‌కి ఒకటికి మించి కాపీలు ఉంచే మిర్రరింగ్ మీద మాత్రం నాకు అంత నమ్మకం కుదరలేదు. ఫైల్‌లో ఏదైనా రాయగానే రెండో కాపీ పాతదైపోతుంది. కాపీలను మళ్లీ సమానం చేసే రీసింక్ మనమే నడపాలి. చదవడానికే తప్ప మారని రిఫరెన్స్ డేటాకు దాన్ని నిశ్చింతగా వాడుతున్నాను. రోజూ మారే ఫైళ్లకు బ్యాకప్‌నే నమ్ముకున్నాను.