సరుకులు మంచివే, గొడవంతా యాప్‌తోనే

ముందు మంచి చెప్తాను. ఈ సరుకుల యాప్ వాళ్ళు మల్కాజ్‌గిరిలో మా ఇంటికి కూరగాయలు తాజాగానే తెస్తున్నారు, తోటకూర కూడా వడలకుండా వస్తోంది. తెచ్చే కుర్రాళ్ళు మర్యాదస్తులు. ఇచ్చిన రెండు స్టార్లూ వాళ్ళకే.

నా కోపమంతా ఆ యాప్ తయారుచేసిన వాళ్ళ మీద. డబ్బులు కట్టే పేజీలో విరాళం గడికి టిక్కు ముందే పెట్టి ఉంటుంది. దాని కింద నెలవారీ మెంబర్‌షిప్. 'చేరతాను' అన్నది పెద్ద ఆకుపచ్చ బటన్. 'వద్దు' అన్నదేమో తెల్లటి తెర మీద లేత బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో. కంట్లో శుక్లాలున్న మా అత్తయ్యకి అది కనపడనే లేదు, డబ్బులు కట్ అయిపోయాయి. రద్దు చేద్దామని సెట్టింగ్స్ అంతా వెతికితే ఆ మాటే లేదు. చాట్‌లో బతిమాలుకోవాలి!

ఇది పొరపాటు కాదు. ఎవరో కూర్చుని ఆ రంగు ఎంచుకున్నారు, పైవాళ్ళెవరో సరేనన్నారు. 2023 నవంబర్‌లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటి 13 రకాల 'డార్క్ ప్యాటర్న్స్'ని, అంటే కొనేవాళ్ళని మభ్యపెట్టే డిజైన్ కిటుకుల్ని, నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. అడగకుండా బిల్లులో కలపడం, సభ్యత్వం వదలనివ్వకపోవడం రెండూ అందులో ఉన్నాయి. మా డబ్బు వెనక్కిస్తే చాలదు, ఆ బటన్ మార్చాలి.

స్క్రీన్‌షాట్లన్నీ తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు ఇచ్చాను. మీకూ ఇలా జరిగితే బిల్లు దాచుకుని ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.