ఇంట్లో క్రీమ్, సీరమ్ చేసుకుని వాడటం: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

మొహానికి మాయిశ్చరైజర్, నియాసినమైడ్ (విటమిన్ బీ3లో ఒక రకం) సీరమ్ చాలా ఏళ్లుగా నేనే చేసుకుని వాడుతున్నా, కాబట్టి ఇది కొత్త ఉత్సాహంలో రాస్తున్న రివ్యూ కాదు. డబ్బు మిగులుతుందని మొదలుపెడదాం అనుకుంటే మాత్రం ఆగండి, 0.01 గ్రాము వరకు చూపించే తూకం మెషిన్, పౌడర్లు, థర్మామీటర్, పీహెచ్ స్ట్రిప్పులు (ఆమ్లం ఎంతుందో చూపే కాగితాలు, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ), బాటిళ్లు అన్నీ కొనేసరికి ఆ మిగులు కాస్తా ఎగిరిపోతుంది.

మరి ఎందుకు చేస్తున్నానంటే, మార్చుకునే వీలు కోసం. కొన్న క్రీమ్ మంట పుట్టిస్తే అందులో ఉన్న ముప్పై రకాల్లో దేనివల్లో తెలీదు కదా, నా దాంట్లో ఉండేవే తొమ్మిదో పదో, ఒక్కోటి తీసేసి చూస్తే దొంగ దొరికిపోతాడు. నా విషయంలో ఆ దొంగ సువాసన కోసం వేసే ఎసెన్షియల్ ఆయిల్, అది లేకుండా చేసిన బ్యాచ్ నుంచి ముక్కు పక్కన ఎరుపు రావడం ఆగిపోయింది. చలికి నూనెల వాటా 20 శాతం దాకా పెంచుతా, ఉక్కపోత మొదలవగానే 10కి దించేస్తా, నూనెని, నీళ్లని కలిపి ఉంచే ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ మాత్రం ఆ నూనెల్లో పావు వంతు లెక్కన దాంతోపాటే మారుస్తా, లేదంటే నూనె, నీళ్లు మళ్లీ విడిపోతాయి. ఇదంతా గ్రాముల్లో, శాతాల్లో జరగాలి, స్పూన్ల లెక్క పనికిరాదు.

చెయ్యడం కష్టమేం కాదు. డిస్టిల్డ్ వాటర్, గ్లిజరిన్ ఒక బీకర్‌లో, నూనెలు, వ్యాక్స్ ఇంకో బీకర్‌లో, రెండూ 70-75 డిగ్రీలకి వచ్చాక కలిపేసి హ్యాండ్ బ్లెండర్ పెడితే క్షణాల్లో తెల్లగా మారిపోతుంది. అయితే అప్పుడది పల్చగా నీళ్లలా ఉంటుంది, చూసి కంగారుపడి ఇంకాస్త వ్యాక్స్ వెయ్యకండి, తిప్పుతూ చల్లారనిస్తే అదే చిక్కబడుతుంది. 40 డిగ్రీల కిందకి దిగాక ప్రిజర్వేటివ్ కలపాలి. చర్మంలో తేమ పట్టి ఉంచడానికి వేసే హయలురోనిక్ యాసిడ్ పౌడర్‌ది ఇంకో తంతు, నేరుగా నీళ్లలో చల్లితే ఉండలు కట్టి పైన తడి లోపల పొడిగా అలాగే ఉండిపోతుంది, ముందు గ్లిజరిన్‌లో కలిపి తర్వాత నీళ్లు పోసి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి క్లియర్ జెల్ తయారు. 1 శాతమే చాలు.

ప్రిజర్వేటివ్ వద్దు, నేచురల్‌గా కావాలి అనేవాళ్లతో నాకు పడదు. నీళ్లున్న ప్రతి క్రీమ్‌లోనూ సూక్ష్మజీవులు పెరుగుతాయి, బూజు కంటికి కనపడక ముందే పెరిగి ఉంటాయి, ఫ్రిజ్ దాన్ని నెమ్మదింపజేస్తుందే గానీ ఆపదు. విటమిన్ ఈ వేశాం కదా అంటారు, అది నూనె కనరు వాసన రాకుండా చూస్తుంది, అంతే, బ్యాక్టీరియాతో దానికి సంబంధం లేదు. నేను వాడేది ఫినాక్సీఇథనాల్ ఉన్న రకం, యూరప్ రూల్స్‌లో కూడా 1 శాతం వరకు ఓకే. నీటి చుక్క లేని బామ్‌కైతే అక్కర్లేదు, కాకపోతే తడి వేళ్లు అందులో పెట్టకూడదు.

నియాసినమైడ్ సీరమ్‌కి మాత్రం ఫుల్ మార్కులు. 5 శాతం, పీహెచ్ 6 దగ్గర, బాగా ఆమ్లంగా పోతే అది మెల్లగా నికోటినిక్ యాసిడ్‌గా మారి మొహం ఎర్రబారుతుంది, అందుకే స్ట్రిప్ చూడకుండా బాటిల్‌లో పొయ్యను. విటమిన్ సీ మాత్రం వదిలేశా. ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్‌కి పీహెచ్ 3.5 లోపు కావాలి, అది త్వరగా పాడవకుండా తోడుగా ఫెరులిక్ యాసిడ్, విటమిన్ ఈ వేసినా కొన్నాళ్లకి పసుపు, ఆపైన గోధుమ రంగు, ఇంత చాకిరీకి ఆ బాటిల్ కొనుక్కోవడమే నయం.

సన్‌స్క్రీన్ జోలికి అసలు వెళ్లలేదు, వెళ్లను కూడా. జింక్ ఆక్సైడ్ పొడి ఇంట్లో కలిపితే ఎక్కడో గుంపుగా ఎక్కడో ఖాళీగా పరుచుకుంటుంది, ఎస్‌పీఎఫ్ ఎంతో తేల్చే పరికరం ఇంట్లో ఎవరి దగ్గరుంది? నిమ్మరసం కూడా అంతే, దాని పీహెచ్ 2 చుట్టుపక్కల ఉంటుంది, రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలొచ్చే ప్రమాదం ఉంది.

మైనస్‌లు ఇంకేమున్నాయంటే గిన్నెలు కడగడం, ఆల్కహాల్‌తో తుడవడం, ప్రతి సీసాకి తేదీ రాసి అంటించడం, ఇవి చేసే ఓపిక లేనివాళ్లకి నేను రికమెండ్ చెయ్యను. కొన్నవాటంత మెత్తని టెక్స్చర్ కూడా నాకింకా రాలేదు. ఇప్పుడు జెల్ క్రీమ్ ఒకటి ట్రై చేస్తున్నా, రాసుకున్నాక చెయ్యి జిగటగానే ఉంటోంది, తర్వాతి బ్యాచ్‌లో చిక్కదనం కోసం వేసే జాంథన్ గమ్ 0.3 నుంచి 0.2 శాతానికి తగ్గించి చూడాలి.